ఆదివారం రక్తం ఇచ్చా, బుధవారం డెంగ్యూ పాజిటివ్. నా రక్తం ఎవరికైనా ఎక్కించి ఉంటే?

కూకట్‌పల్లి కుర్రాడు (గురువారం, సాయంత్రం)

అందరికీ నమస్తే. ఇక్కడ ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారని అడుగుతున్నా.

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో రక్తదాన శిబిరం పెట్టారు. ఏటా మా వినాయక చవితి కమిటీ వాళ్ళే పెట్టిస్తారు. నాది బి పాజిటివ్, పిలిచినప్పుడల్లా ఇస్తాను. ఆ రోజు నాకు ఒంట్లో ఏ నలతా లేదు. ఇడ్లీ తిని వెళ్ళా. బీపీ చూశారు, వేలికి పొడిచి హిమోగ్లోబిన్ చూశారు, 14.2 వచ్చింది. ఫారంలో జ్వరం, దగ్గు, మందులు అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టా. అబద్ధం కాదు, నిజంగానే ఏమీ లేదు. ఇచ్చాక ఫ్రూటీ, బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్, ఫోటో. మామూలే.

సోమవారం రాత్రికి కళ్ళ వెనకాల పోటు, నడుము పట్టేసింది. మంగళవారం తెల్లారేసరికి 103. బుధవారం టెస్టు చేయిస్తే ఎన్‌ఎస్‌1 (రక్తంలో డెంగ్యూ వైరస్ ప్రొటీన్ ఉందేమో చూసే టెస్టు) పాజిటివ్. ప్లేట్‌లెట్లు లక్షా పది వేలు. డాక్టరు గారు పారాసెటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర ముట్టుకోవద్దు, నీళ్ళు బాగా తాగు అన్నారు. నా సంగతి నేను చూసుకుంటా.

నా టెన్షన్ అంతా ఆ సంచీ గురించి. కమిటీ అతనికి చెప్తే "అన్నా, వాళ్ళు అన్ని టెస్టులూ చేసే ఎక్కిస్తారు, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నాడు. సర్టిఫికెట్ మీదున్న నెంబరుకి చేస్తే చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. చివరికి ఎత్తినావిడ "రిపోర్టు కావాలంటే సోమవారం వచ్చి తీసుకోండి" అని పెట్టేసింది. నేను రిపోర్టు అడగనే లేదు.

ఆ టెస్టుల్లో డెంగ్యూ ఉంటుందా? దోమ లేకుండా రక్తం ద్వారా వస్తుందా? ఇప్పుడు చెప్పినా ఉపయోగం ఉంటుందా, అంతా అయిపోయినట్టేనా?

మియాపూర్ మామ

తమ్ముడూ, డెంగ్యూ దోమ కుడితేనే వస్తుంది, చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. పైగా ఈమధ్య నాట్ అని పెద్ద టెస్టు కూడా చేస్తున్నారు, వైరస్ ఏదున్నా పట్టేస్తుంది. నువ్వు మంచి పని చేశావు, ఇక దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. బొప్పాయి ఆకు రసం తాగు. మా బామ్మర్దికి అదే పనిచేసింది.

బ్లడ్ బ్యాంక్ అక్క

మామగారూ, ఏమీ అనుకోకండి, మీరు చెప్పిన రెండూ తప్పే. నేను గుంటూరులో బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ని. సంచీలు కట్టడం, విడదీయడం, టెస్టులు, రాత్రి డ్యూటీలు, నా ఉద్యోగమంతా ఇదే.

బాబూ, ముందు చెయ్యాల్సింది చెప్తా, వివరాలు తర్వాత. ఇవాళ గురువారం. నువ్విచ్చింది ఆదివారం. ప్లేట్‌లెట్లకి గడువు ఐదు రోజులే. అంటే నీ ప్లేట్‌లెట్ల సంచీ ఇంకా అక్కడుంటే రేపటితో దాని గడువు తీరిపోతుంది, కాబట్టి ఈ రాత్రే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు. అందుకని ఇది చదవగానే కదులు. బ్లడ్ బ్యాంకులో రాత్రంతా డ్యూటీ టెక్నీషియన్ ఉంటాడు. కౌంటర్ వాళ్ళతో మాట్లాడొద్దు. మెడికల్ ఆఫీసర్ని గానీ టెక్నికల్ సూపర్‌వైజర్ని గానీ అడుగు. నీకు జ్వరం కాబట్టి ఇంట్లోవాళ్ళని ఎవరినైనా పంపించు. చెప్పాల్సింది ఇంతే: "ఫలానా ఆదివారం ఫలానా శిబిరంలో ఇచ్చాను, యూనిట్ నెంబరు ఇది, మర్నాటి రాత్రికే నొప్పులు, ఆ తెల్లారేసరికి జ్వరం వచ్చింది, ఎన్‌ఎస్‌1 పాజిటివ్." నెంబరు సర్టిఫికెట్ మీదో డోనర్ కార్డు మీదో ఉంటుంది. లేకపోయినా పేరు, తేదీ చెబితే రిజిస్టర్లో దొరుకుతుంది. రిపోర్టు ఫోటో కూడా చూపించమను.

ఇక నీ ప్రశ్నలు. మన దేశంలో ప్రతి సంచీకీ తప్పనిసరిగా చేసేవి ఐదు: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. అందులో డెంగ్యూ లేదు. మామగారు చెప్పిన నాట్, అంటే రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే టెస్టు, కొన్ని చోట్ల చేస్తారు, అది మొదటి మూడింటికే. వేటికోసం తయారుచేసిన కిట్టు వాటినే చూపిస్తుంది, ఏ వైరస్‌నైనా పట్టే నాట్ అంటూ లేదు.

నీ రక్తం ఏమవుతుందో కూడా చెప్తా. శిబిరంలో నీకు పెట్టింది బహుశా ట్రిపుల్ బ్యాగే. అంటే ఒక పెద్ద సంచీ, దానికి గొట్టాలతో అతికిన రెండు ఖాళీ సంచీలు. సాయంత్రానికి మా దగ్గరికి రాగానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. బరువైన ఎర్ర కణాలు కింద పేరుకుంటాయి. పైన లేత పసుపు ద్రవం మిగులుతుంది. దాన్ని పక్క సంచీలోకి నొక్కి మళ్ళీ తిప్పితే ప్లేట్‌లెట్లు అడుక్కి చేరతాయి, మిగతా ప్లాస్మా మూడో సంచీలోకి వెళ్తుంది. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో నెలకి పైగా ఉంటాయి. ప్లాస్మా గడ్డకట్టించి మైనస్ 30లో పెడితే ఏడాది నిలవ ఉంటుంది. ప్లేట్‌లెట్లు మాత్రం చలి తట్టుకోలేవు. 22 డిగ్రీల దగ్గర అజిటేటర్ మీద పగలూ రాత్రీ ఊగుతూ ఉండాలి. అలా ఊగుతున్నప్పుడు సంచీని వెలుతురుకి పెట్టి చూస్తే లోపల పొగలాగా సుడులు తిరుగుతుంది, అది కనిపిస్తే కణాలు బాగున్నట్టు. మేం చూసేది అదే. డెంగ్యూ ఉన్న సంచీ కూడా అంతే అందంగా సుడులు తిరుగుతుంది.

అంటే నువ్విచ్చిన ఒక్క సంచీ ముగ్గురికి వెళ్తుంది.

జ్వరం లేకపోయినా వైరస్ ఎలా ఉంటుందంటే, దోమ కుట్టాక జ్వరం రావడానికి మామూలుగా నాలుగు నుంచి పది రోజులు పడుతుంది. జ్వరం తగలడానికి ఒకటి రెండు రోజుల ముందే రక్తంలో వైరస్ తిరుగుతుంటుంది. నువ్వు ఇడ్లీ తిని కుర్చీలో కూర్చున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే కావచ్చు. అయినా మాకు బెంగ నీలాంటివాళ్ళ గురించి కాదు. డెంగ్యూ సోకినవాళ్ళలో సుమారు నలుగురిలో ముగ్గురికి చెప్పుకోదగ్గ లక్షణాలే ఉండవు. వాళ్ళు ఫోన్ చెయ్యరు, వాళ్ళకే తెలియదు కాబట్టి. నీకు జ్వరం వచ్చింది, టెస్టు చేయించుకున్నావు, అడుగుతున్నావు. మాకు ఇలాంటి సమాచారం రావడమే అరుదు.

మియాపూర్ మామ

సరే అక్కా, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ ఎన్‌ఎస్‌1 కార్డు టెస్టు సందు చివరి ల్యాబులో కూడా చేస్తున్నారుగా. వానాకాలం మూడు నెలలూ ప్రతి సంచీకీ ఒక కార్డు వేస్తే పోలా?

బ్లడ్ బ్యాంక్ అక్క

మేమూ అనుకుంటాం మామగారూ. కానీ ఆ కార్డు జ్వరంతో వచ్చినవాళ్ళ కోసం. జ్వరం ఉన్నప్పుడు వైరస్ దండిగా ఉంటుంది, కార్డు మీద గీత పడుతుంది. ఏ లక్షణం లేని దాతలో వైరస్ కొంచెమే ఉండొచ్చు, అప్పుడు గీత రాదు. ప్యూర్టో రికోలో 2010 డెంగ్యూ సీజన్లో దాతల రక్తాన్ని ఎన్‌ఎస్‌1 పద్ధతిలో పరీక్షించి చూశారు. తర్వాత అవే నమూనాల్లో వైరస్ జన్యుపదార్థం కోసం వెతికితే ఎన్‌ఎస్‌1 వదిలేసినవే ఎక్కువ తేలాయి. ఇక ఐజీఎం, ఐజీజీ అనే యాంటీబాడీల టెస్టుల సంగతా? ఐజీఎం కనిపించేసరికి వైరస్ తగ్గుముఖం పడుతుంది. ఐజీజీ ఎప్పుడో వచ్చిపోయిన డెంగ్యూకి గుర్తు. ఐసీఎంఆర్ వాళ్ళ దేశవ్యాప్త సర్వేలో దక్షిణాది రాష్ట్రాల్లో 76.9 శాతం మందిలో డెంగ్యూ యాంటీబాడీలు కనిపించాయి. ఐజీజీ చూసి సంచీలు పారేస్తే మా ఫ్రిజ్‌లు ఖాళీ.

సరైన టెస్టు డెంగ్యూ నాట్ ఒక్కటే. దానికి యంత్రం, మనిషి, డబ్బు మూడూ కావాలి. చిన్న ఊళ్ళలో కరెంటు పోతే జనరేటర్‌కి డీజిల్ ఎవరు పోయాలన్న దగ్గరే మా మీటింగులు అయిపోతాయి.

ఇంకో మాట, పుస్తకంలోది కాదు, నా అలవాటు. డెంగ్యూ సీజన్లో మాకు ప్లేట్‌లెట్లు అడిగేది డెంగ్యూ పేషెంట్ల వాళ్ళే. రక్తం ఇవ్వడానికి వచ్చేది కూడా వాళ్ళ తమ్ముడో, బావమరిదో, పక్కింటి కుర్రాడో. నేను ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతా: "పేషెంటూ మీరూ ఒకే ఇంట్లో ఉంటారా?" ఒకే ఇల్లయితే కుట్టిన దోమలూ అవే కదా. వాళ్ళని పక్కన కూర్చోబెట్టి, వేరే వీధి నుంచి ఎవరైనా వస్తారేమో చూడమంటా. అటెండర్లకి కోపమొస్తుంది. "అన్నకి ప్రాణం మీదికొస్తే తమ్ముడి రక్తం వద్దంటారేంటి" అని అరిచినవాళ్ళున్నారు. నిజానికి ఆ ప్లేట్‌లెట్లు చాలామందికి అక్కర్లేదు. యాభై వేలకి దిగగానే సంచీలు కావాలని పరుగెత్తుకొస్తారు. రక్తస్రావం లేకపోతే పది వేల కిందకి పడేదాకా ఎక్కించనక్కర్లేదని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అక్కర్లేని సంచీ ఎక్కించడమంటే అక్కర్లేని రిస్కు కూడా ఎక్కించడమే.

సింగపూర్ సుధ

అక్క చెప్పినదానికి నేనూ ఒకటి కలుపుతా. నాది తెనాలి, ఇక్కడ నర్సుగా చేస్తున్నా. ఈ కుర్రాడికి జరిగినట్టే ఇక్కడ 2007లో జరిగింది. ఒకాయన రక్తం ఇచ్చాడు, మర్నాడే జ్వరం. ఆయన ఎర్ర కణాలు ఒకరికి, ప్లాస్మా ఒకరికి, ప్లేట్‌లెట్లు ఒకరికి వెళ్ళాయి. ఇద్దరికి జ్వరం వచ్చి డెంగ్యూ తేలింది. మూడో మనిషికి ఏ బాధా లేదు గానీ పరీక్షల్లో ఇన్ఫెక్షన్ సోకిన గుర్తులు కనిపించాయి. 2008లో ఇది వైద్య పత్రికలో వచ్చింది. అంతకుముందు 2002లో హాంగ్‌కాంగ్‌లో కూడా ఒక కేసు ఉంది. కాబట్టి మామగారూ, దోమ లేకుండా కూడా వస్తుంది, నిరూపణ అయిన సంగతే.

ఇక్కడ రక్తం ఇచ్చాక చెప్పే జాగ్రత్తల్లో నీళ్ళు తాగండి, బరువులు మోయకండి అన్నవాటితోపాటు ఒంట్లో బాగోకపోతే మాకు ఫోన్ చెయ్యండి అన్నదీ ఉంటుంది. మన దగ్గర ఫ్రూటీ మీద ఉన్న శ్రద్ధ దీనిమీద ఉండదు.

చిన్నీ వాళ్ళమ్మ

ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మాది ఖమ్మం దగ్గర. మా పాపకి ఎనిమిదేళ్ళు, తలసేమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. వానలు మొదలైతే మాకు రెండు బాధలు. ఊళ్ళో అందరికీ జ్వరాలు కాబట్టి దాతలు దొరకరు. దొరికితే ఆ రక్తం ఎలాంటిదో అని భయం.

పోయిన వానాకాలంలో ఎక్కించి వచ్చిన ఆరో రోజు పాపకి జ్వరం. ఎన్‌ఎస్‌1 పాజిటివ్. నేను డాక్టరు గారిని అడిగా, రక్తం వల్లనా అని. "మీ ఇంటి చుట్టూ దోమలు లేవా అమ్మా" అన్నారు. ఉన్నాయి. ఎందుకు లేవు? నేనింక మాట్లాడలేదు. పాప నాలుగు రోజులు వార్డులో ఉండి ఇంటికొచ్చింది, ఇప్పుడు బాగుంది. దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

కుర్రాడు గారూ, మిమ్మల్ని ఏమీ అనను. మీలాంటివాళ్ళు ఇస్తేనే మా పాప బతుకుతోంది. కానీ ఎవరైనా ఒక్క ఫోన్ చేసి "ఆ సంచీ దాతకి జ్వరమొచ్చింది, పాపని జాగ్రత్తగా చూసుకోండి" అని చెప్పుంటే నేను మొదటి రోజే థర్మామీటర్ పట్టుకుని కూర్చునేదాన్ని. వాన నీళ్ళలో ఆడిందని రెండు రోజులు మామూలు జ్వరమనుకున్నాను.

అక్కా, ఒక సందేహం. మేం పాపకి డబ్బు కట్టి ఫిల్టర్ వేసిన రక్తమే తీసుకుంటాం. ఆ ఫిల్టర్లో వైరస్ ఆగదా?

బ్లడ్ బ్యాంక్ అక్క

ఆగదమ్మా. ఆ ఫిల్టర్ తెల్ల కణాలని ఆపడానికి. పాపకి చలి జ్వరం రియాక్షన్లు రాకుండా కాపాడుతుంది, దాన్ని మానొద్దు. కానీ డెంగ్యూ వైరస్ ఆ కణాలతో పోలిస్తే మరీ చిన్నది, ప్లాస్మాతో పాటు జారిపోతుంది. కొన్నిచోట్ల రక్తాన్ని రేడియేషన్‌లో పెట్టి ఇస్తారు. ఆ మోతాదు కూడా వైరస్‌ని చంపేది కాదు. ఫ్రిజ్ చలికీ చావదు. సుధ చెప్పిన కేసులో ఎర్ర కణాలు ఎక్కించినాయనకీ వచ్చింది చూశావా?

వైరస్‌ని చంపే పద్ధతి లేకపోలేదు. ప్లేట్‌లెట్లు, ప్లాస్మాల్లో ఒక మందు కలిపి అల్ట్రావయొలెట్ వెలుతురు కింద పెడతారు. అప్పుడు వైరస్ జన్యుపదార్థం దెబ్బతిని ఇక పెరగలేదు. రీయూనియన్ దీవిలో 2005, 2006ల్లో చికున్‌గున్యా ఊరూవాడా పాకినప్పుడు ప్లేట్‌లెట్లకి ఇదే చేశారు, ఎర్ర కణాలు ఏకంగా ఫ్రాన్స్ నుంచి తెప్పించుకున్నారు. మనకి తెప్పించుకోవడానికి దోమల్లేని ఇంకో దేశం లేదు. పైగా పాపకి కావాల్సిన ఎర్ర కణాలకి ఆ పద్ధతి ఇంకా మామూలుగా వాడకంలోకి రాలేదు.

మీ డాక్టరు గారు అన్నదాంట్లో కూడా న్యాయముంది. దోమలున్న ఊళ్ళో రక్తం వల్ల వచ్చిందని తేల్చాలంటే దాత నమూనాలో ఉన్న వైరస్, పాపలో ఉన్న వైరస్ ఒకటేనా అని జన్యు పరీక్ష చెయ్యాలి. అప్పటికి దాత నమూనా ఎవరి దగ్గరుంటుంది? అందుకే లోకంలో ఇన్ని కోట్ల డెంగ్యూ కేసులున్నా రక్తం వల్ల అని రుజువైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కాస్త ఊరట మాట కూడా ఉంది. 2012లో బ్రెజిల్‌లో, రియోలోనూ రెసీఫేలోనూ డెంగ్యూ ముమ్మరంగా ఉన్నప్పుడు దాతల రక్తం దాచిపెట్టి తర్వాత పరీక్షించారు. రియోలో 0.51 శాతం, రెసీఫేలో 0.80 శాతం సంచీల్లో వైరస్ ఉంది. అలాంటి సంచీలు ఎక్కించుకున్నవాళ్ళలో, డెంగ్యూ సోకే అవకాశం ఉన్న 16 మందిలో ఆరుగురికి సోకింది. అంటే ప్రతి పాడు సంచీ జబ్బు అంటించదు. వైరస్ ఉన్న రక్తం ఎక్కించుకున్నవాళ్ళకీ మిగతా రోగులకీ లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కూడా వాళ్ళకి కనబడలేదు. అయినా పసిపిల్లలు, గర్భిణులు, క్యాన్సర్ పేషెంట్లు ఉన్న వార్డుకి ఆ సంచీ పంపాలంటే నాకు చెయ్యి ఆడదు. డెంగ్యూ ఒకసారి వచ్చినవాళ్ళకి వేరే రకం రెండోసారి వస్తే ఒక్కోసారి ముదురుతుంది కూడా.

కుర్రాడూ, ఏమైంది? ఎవరైనా వెళ్ళారా?

కూకట్‌పల్లి కుర్రాడు (గురువారం, రాత్రి)

అక్కా, మీ మొదటి మెసేజ్ చూడగానే మా బావని బండి మీద పంపా. కౌంటర్ దగ్గర మళ్ళీ సోమవారం రమ్మన్నారట. మీరు చెప్పినట్టు సూపర్‌వైజర్ కావాలని పట్టుబట్టాడు. ఆయన వచ్చి వెంటనే రిజిస్టర్ తీశాడు. మనిషి మంచోడు.

ఎర్ర కణాల సంచీ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. బావ ఎదురుగానే తీసి, దానిమీద ఎర్ర స్టిక్కర్ అంటించి వేరే అరలో పెట్టారట, తర్వాత పారేస్తారు. ప్లాస్మా డీప్ ఫ్రీజర్లో ఉంది, అదీ పక్కన పెడతామన్నారు. ప్లేట్‌లెట్లు మాత్రం మంగళవారమే ఒక ఆసుపత్రికి వెళ్ళిపోయాయి. పేషెంటు పేరు చెప్పరట, అది సరే. అక్కడి డాక్టరుకి ఈ రాత్రే చెప్తామన్నారు. నా శాంపిల్ ట్యూబు ఉందట, దానికి టెస్టు చేయిస్తారట. కోలుకున్నాక ఆరు నెలల దాకా నన్ను రక్తం ఇవ్వొద్దన్నారు.

ఆ మంగళవారం పేషెంటు గురించే ఆలోచన. ఇప్పుడు వాళ్ళ డాక్టరు చేసేదేమైనా ఉంటుందా?

బ్లడ్ బ్యాంక్ అక్క

ఉంటుంది. డెంగ్యూకి మందు లేకపోయినా ముందే తెలిస్తే చాలా తేడా. రెండు వారాల దాకా రోజూ టెంపరేచర్ చూస్తారు. జ్వరం తగిలితే అదేదో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్‌లు మార్చుకుంటూ కూర్చోకుండా మొదటి రోజే ఎన్‌ఎస్‌1 పంపుతారు. రక్తం పలచబడే మందులు, నొప్పి మాత్రలు వాడుతుంటే ఆలోచిస్తారు. సెలైన్ ఎంత పెట్టాలో లెక్క చూసుకుంటారు. దోమతెర కూడా కడతారు, వార్డులో దోమ ఆ పేషెంటుని కుట్టి పక్క మంచానికి మోసుకెళ్ళకుండా.

నువ్వూ వారం పాటు పగలు కూడా దోమతెరలోనే పడుకో. ఆ దోమ కుట్టేది పగలే. బొప్పాయి ఆకు మామగారికి వదిలెయ్.

ఇంకొకటి. ఆ ఆదివారం మీ సెల్లార్లో నీతో పాటు ఎంతమంది ఇచ్చారు? అందరూ మీ అపార్ట్‌మెంట్ వాళ్ళేగా? నిన్ను కుట్టిన దోమ ఒక్క నీ ఫ్లాట్‌లోనే ఉండదు.

కూకట్‌పల్లి కుర్రాడు (శుక్రవారం, పొద్దున)

ఇది నాకు తట్టనే లేదు అక్కా. రాత్రే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టా: "ఆదివారం రక్తం ఇచ్చినవాళ్ళలో ఎవరికైనా జ్వరం వచ్చిందా? వస్తే నాకు చెప్పండి, లేదా బ్లడ్ బ్యాంకుకి నేరుగా చెప్పండి." కమిటీ అతను ముందు తీసెయ్యమన్నాడు, వచ్చే ఏడు ఎవరూ ఇవ్వరని. తీయలేదు.

పొద్దునకి ముగ్గురు జవాబిచ్చారు. ఇద్దరికి ఏమీ లేదు. సి బ్లాక్‌లో ఒకాయనకి మాత్రం బుధవారం నుంచి జ్వరం, వైరల్ అనుకుని ఇంట్లోనే పడుకున్నాడట, టెస్టు చేయించలేదు. ఆయనది ఓ పాజిటివ్. ఇప్పుడే ల్యాబుకి వెళ్తున్నాడు. రిపోర్టు కోసం ఆగకుండా ఆయన యూనిట్ నెంబరు సూపర్‌వైజర్ గారికి పంపించేశా.